సముద్రం అడుగు పెండ్లికొడుకు

మా మేడం పోయారని కోయిలకుంట్ల నుంచి వాళ్ల తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను కడపలో, మా కాలేజీ ల్యాబ్‌లో సముద్రపు మట్టి గాలిస్తున్నాను. చేతులు కూడా కడుక్కోకుండా అట్లాగే కూర్చుండిపోయాను.

మేడం మాకు జంతుశాస్త్రం చెప్పారు. రిటైరయ్యాక కూడా ల్యాబ్‌కు రోజూ వచ్చేవారు. సముద్రం అడుగున, ఇసుక రేణువుల సందుల్లో కంటికి ఆనని పురుగులుంటాయి. ఓడల మీద వెళ్లే పరిశోధకులు ఆ మట్టిని డబ్బాల్లో పంపితే, ఇంతవరకు ఎవరూ చూడని పురుగును అందులో వెతికి, బొమ్మ గీసి, వర్ణించి, పేరు పెట్టడం ఆమె పని. "ఈడ తాగే నీళ్లకే గతిలేదు, నీకు సముద్రం యాడిదక్కా?" అని తమ్ముడు ఎగతాళి చేసేవారు. "నీళ్లు నువ్వు తాగప్పా, నాకు బురద చాలు" అనేవారు మేడం.

నాకు ఆ పని వంటింటి మాటతోనే నేర్పారు. "కొర్రబియ్యం గాలించినావు కదా పాపా, అట్లనే. తిప్పు, వంచు. రాయి అడుగున నిలుస్తాది, ప్రాణి నీళ్లతో వస్తాది." ఆ నీళ్లను సన్న జల్లెడలో పోస్తే పురుగులు పైన మిగులుతాయి. ఒకరోజు మేడమే ఏ పరధ్యానంలో ఉన్నారో, జల్లెడ పట్టకుండానే గిన్నె తీసుకెళ్లి వరండాలోని కరివేపాకు కుండీలో వంచేశారు. కడిగిన నీళ్లు చెట్టుకు పోయకుండా పారబోయడానికి మా సీమలో ఎవరికి చెయ్యాడుతుంది? తర్వాత కుండీ ముందు కూర్చుని, "సముద్రం అడుగున సుఖంగా ఉండేటోడు మన కరివేపాకు మొదట్లో పడిపాయె" అని నవ్వారు. లోపల ఎంత బాధపడ్డారో నాకు తెలుసు.

ఆమె వెతుకుతున్నది ఒక మగపురుగు. కొత్త జాతి ఆడపురుగు అంతకుముందే దొరికింది. మగదాని తోక దగ్గరి ముళ్లు చూస్తే గానీ వర్ణన పూర్తి కాదు. ఉన్నదానితోనే ప్రచురించెయ్యమని తోటివాళ్లు చెప్పినా ఒప్పుకోలేదు. "పెండ్లికొడుకు లేకుండా శుభలేఖ ఎట్ల అచ్చేపిస్తాము?" అనేవారు. చివరి రోజుల్లో ఆస్పత్రి నుంచి ఫోన్ చేసినా అదే అడిగేవారు.

"వాడు కనపడినాడా పాపా?"

"ఇంకా లేదు మేడం."

"ఉంటాడులే. నిదానంగా చూడు."

ఆ గొంతు ఇంకొక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుంటోంది.

కర్మలు అయ్యాక మిగిలిన డబ్బా తెరిచాను. నిన్న మధ్యాహ్నం మైక్రోస్కోపు కింద వెంట్రుక ముక్కలాంటిది ఒకటి కనిపించింది. తోక దగ్గర వంపు తిరిగిన సన్నని ముళ్లున్నాయి. మగదే. ఆ సంబరంలో తల ఎత్తకుండానే, "మేడం, చూడండి" అంటూ ఆమె కూర్చోవడానికి స్టూలు మీద నుంచి పక్కకు జరిగాను.