గుట్ట మలుపులో నేను కట్టిన గోడ

మాది జఫర్‌గఢ్ దగ్గర పల్లె. నేనూ నా భర్తా రాతి పని చేసి బతుకుతాం. ఆయన రాయి కొట్టి గోడ కట్టేవాడు, నేను రాళ్లు మోసి అందించేదాన్ని. ఈ పనిలో ఎక్కడైనా అంతే. మగవాళ్లు కడతారు, ఆడవాళ్లు మోస్తారు.

రెండేళ్ల కింద ఎండాకాలంలో కాటారం అవతల అడవిలోకి పనికి పోయాం. గుట్ట మీది పార్కుకు ఎక్కే పాత దారిని బాగుచేసే పని. ఆ దారిని ఏ కాలంలో ఎవరు వేశారో కానీ, సిమెంటు చుక్క లేకుండా వేశారు. ఒక పక్క గుట్ట, ఇంకో పక్క లోయ. దారి జారిపోకుండా కింది నుంచి మోటు రాళ్లతో గోడ లేపారు. వానలకు ఒక మలుపు దగ్గర ఆ గోడ కూలింది. పడిన రాళ్లనే ఏరుకొచ్చి, పాత పద్ధతిలోనే మళ్లీ కట్టాలి.

పని మొదలైన కొద్ది రోజులకే నా భర్త చేతి మీద బండ జారిపడింది. దవాఖానలో మణికట్టుకు కట్టు కట్టి, చాలాకాలం బరువు ఎత్తొద్దన్నారు.

మేస్త్రి మంచివాడే. "చిట్యాల నుంచి ఇంకో మనిషిని పిలుస్త చెల్లె. మీరు ఇంటికి పోండ్రి," అన్నాడు.

"ఆయన జాగల నేను కడ్త, అన్నా."

"ఆడోళ్లు గోడ కట్టంగ నేనెన్నడు సూడలే."

"ఇగ సూడు. ఇన్నేండ్ల సంది రాళ్లు అందిస్తున్న. ఏ రాయి యాడ కూసుంటదో నాకు ఎర్కే."

మేస్త్రి నవ్వలేదు. మలుపు చివర కొంచెం జాగ చూపించి, "గిది కట్టి సూపియ్యి," అన్నాడు.

నాకు ఎరుకే అనుకున్నాను కానీ, లేదు. చదునైన ముఖం ఉన్న రాళ్లు ఏరి, ఆ ముఖం బయటికి కనిపించేలా పేర్చి నడుం ఎత్తు లేపాను. చూడముచ్చటగా ఉంది. మేస్త్రి వచ్చి గడ్డపార మొన సందులో పెట్టి ఒత్తాడు. రాళ్లు దడదడా రాలాయి.

"ముఖం సూసినవ్ గని తోక సూడలే చెల్లె. రాయి గుట్ట లోపటికి పోవాలె. గిట్లుంటే ఒక్క వానకు నిలవది. ఇప్పేయ్."

ఆ సాయంత్రం నా భర్త, "ఇంటికి పోదాం. నలుగుట్ల నవ్వులపాలెందుకు," అన్నాడు.

"నువ్వు నవ్వకుంటే సాలు. పొద్దుగాల నా ఎంబడి రా. పొడుగు రాళ్లేవో కూసోని సూపియ్యి."

తెల్లారి పునాది దాకా విప్పాను. ఆయన బండ మీద కూర్చుని వేలు చూపిస్తుంటే, పొడుగు రాళ్ల తోకలు గుట్టలోకి పోయేలా పెట్టాను. గోడను కొంచెం వెనక్కి వాల్చాను. వెనక చిన్న రాళ్లు నింపాను. వేళ్లు పగిలితే గుడ్డ చుట్టుకున్నాను. వంకరగా కూర్చున్న ప్రతి రాయినీ తీసి మళ్లీ పెట్టాను. ఈసారి మేస్త్రి గడ్డపార మీద ఒళ్లంతా వాల్చి ఒత్తినా గోడ కదల్లేదు.

"మిగిలింది గూడ నువ్వే కట్టు," అన్నాడు.

గోడ పూర్తయ్యాక పెద్ద వాన పట్టింది. గుట్ట మీది ఎర్రనీళ్లు దారి కింది తూములోంచి హోరున దూకుతున్నాయి. నా గోడ సందుల్లోంచి కూడా నీళ్లు కారుతుంటే వాటిని మూయబోయాను.

"కారనియ్యి," అన్నాడు నా భర్త. "నీళ్లు లోపట ఆగితేనే గోడ ఉబ్బి కూలుతది."

వాన వెలిసింది. గోడ నిలబడింది.

ఆయన మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. ఈ మధ్య మానుకోట దగ్గర ఒక చెరువు కట్టకు రాయి పేర్చే పనికి పోయాం. అక్కడి మేస్త్రి, కట్టేవాళ్లు వరస సరిచూసుకునే దారం తెచ్చి ఆయన చేతికివ్వబోయాడు. ఆయన తీసుకోలేదు.

"నేను రాళ్లు ఏరిస్త," అన్నాడు. "కట్టేది ఆమె."