అంగాళమ్మ చేతి డచ్చి వంట

హోసూరు నుంచి శూలగిరి వెళ్ళే దారిలో బద్రీనాథ్ గారి గులాబీ తోట ఉంది. ఆ తోట గెస్ట్‌హౌస్‌లో అంగాళమ్మ పదకొండేళ్ళుగా వంట చేస్తోంది. ఆమె పుట్టిందీ మెట్టిందీ గురుబరపల్లిలోనే. భర్త తిమ్మరాయప్పకు ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పని దొరికాక ఇద్దరూ హోసూరుకు వచ్చేశారు. మొదట్లో ఆమె తోటలో పూలు కోసేది. ఒకరోజు వంటమనిషి రాకపోతే నలభై మందికి చారు కాచి, వంకాయ కూర వండి పెట్టింది. మర్నాడు బుట్ట పట్టుకుని పూలకు పోబోతే, కూలీలే అడ్డం పడి వంటింట్లోకి తోశారు. అప్పటి నుంచి ఆమె చేతి కారానికి ఎదురు లేదు.

ఆ తోటకు గులాబీ మొక్కలు హాలెండు నుంచి వస్తాయి. వాటిని ఎలా పెంచాలో చూపించడానికి ఏడాదికోసారి మరైకె అనే ఆవిడ వచ్చి ఇరవై రోజులుంటుంది. అరవై దాటిన మనిషి, తాటిచెట్టంత పొడుగు. ఆ పేరు నోరు తిరగక కూలీలంతా మారెక్క అన్నారు. ఆవిడకూ అదే అలవాటైపోయింది. మధ్యాహ్నం భోజనంలో చెంబెడు మజ్జిగ గటగటా తాగేసేది. వాళ్ళ దేశంలోనూ తిండితో పాటు మజ్జిగ తాగుతారని తెలిసి అంగాళమ్మకు ఆవిడ మీద మర్యాద పెరిగింది. అయితే ఒకసారి ఆవిడ ఇచ్చిన నల్ల మిఠాయి నోట్లో వేసుకుంటే ఉప్పుగా, కషాయంలా తగిలింది. పెరట్లోకి పోయి ఉమ్మేసి వచ్చింది.

పోయిన జనవరిలో బద్రీనాథ్ గారి కోడలు నమితకు ఒక ఆలోచన తట్టింది. కొత్త రకం గులాబీలు చూడడానికి కృష్ణగిరి, ఊత్తంగరై వైపు నుంచి డెబ్బై మంది రైతులు వస్తున్నారు. పూలు ఏ దేశానివో ఆ దేశపు తిండీ రుచి చూపిద్దామంది. ఇంటర్నెట్‌లో వెతికి చీటీ రాసుకొచ్చింది. అందులో మొదటిది ఉప్పులో ఊరిన పచ్చి చేప. ఉల్లిముక్కలు అద్ది, తోక పట్టుకుని పైకెత్తి తినాలట. మారెక్క ఆ చీటీ చూసి పడీ పడీ నవ్వింది. సముద్రం నుంచి ఇంత దూరం వచ్చిన పచ్చి చేప తింటే రైతులు గులాబీలు చూడరు, ఆస్పత్రి చూస్తారంది. పైగా బద్రీనాథ్ గారింట్లో నీచు తినరు. చివరికి ఆవిడే పెన్ను తీసుకుని అన్నీ కొట్టేసి రెండే రాసింది. ఒకటి, వాళ్ళమ్మ చలికాలంలో వండే స్టాంపోట్. రెండోది సోంపు వేసి కాచిన పాలు.

స్టాంపోట్ పెద్ద విద్యేమీ కాదు. ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు, ఉడకబెట్టి, ఆకుకూర కలిపి, వెన్నా పాలూ పోసి మెదపడమే. వాళ్ళ ఆకు ఇక్కడ దొరకదు గనుక ముల్లంగి ఆకు వెయ్యమంది. అంగాళమ్మ తలూపిందే గాని, ఇది బాలింతలు కూడా ముట్టని చప్పిడి కూడు అనుకుంది. మచ్చుకు చేసిన రోజు చెయ్యి ఊరుకోలేదు. ఆవాలు, కరివేపాకు, ఆరు ఎండుమిరపకాయలు వేసి ఘుమఘుమలాడే తిరగమోత పెట్టేసింది.

నమిత ఒక చెంచా తిని మొహం ముడుచుకుంది. "ఇది ఉర్లగడ్డ పల్యం కదా అంగాళమ్మా. కారం వద్దని చెప్పినాను కదా."

"కారం లేకుండా నా చేత్తో ఎవురికీ పెట్టింది లేదమ్మా. తిన్నోళ్ళు నన్నే కదా అనేది" అంది అంగాళమ్మ. నిజంగానే నొచ్చుకుంది.

మారెక్క తువ్వాలు నడుముకు చుట్టుకుని వంటింట్లోకి నడిచింది. ఉర్లగడ్డలు మళ్ళీ ఉడకబెట్టింది. మెదపడానికి ఏదైనా కావాలని సైగ చేస్తే అంగాళమ్మ రాగి సంగటి కెలికే కట్టె అందించింది. ఆవిడ నిలబడి తిప్పుతుంటే గిన్నె అటూ ఇటూ పరుగులు తీసింది. చూడలేక అంగాళమ్మ కట్టె లాక్కుంది. కింద కూర్చుని, గిన్నెను రెండు పాదాల మధ్య బిగించి నాలుగు తిప్పులు తిప్పేసరికి ఉండలన్నీ కరిగిపోయాయి. మారెక్క దాన్ని పళ్ళెంలో కుప్పగా పెట్టి, గరిటె వెనకవైపుతో నడుమ గుంత చేసింది. ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, వెన్నలో మాడీమాడకుండా వేయించి కాచిన పులుసు ఆ గుంతలో పోసింది.

అంగాళమ్మ ఆ గుంతను వేలితో చూపించింది. "ఇది మా సంగటే కదమ్మా" అంది నమితతో. "మేమూ ఇట్లే గుంత చేసి పులుసు పోసుకునేది. ముందే చెప్పుంటే నేనెందుకు మిరపకాయ ముట్టుకుందును?"

నమిత ఇంగ్లీషులో చెప్పింది. మారెక్క నవ్వుతూ తన చిన్ననాటి సంగతి చెప్పుకొచ్చింది. గుంత గట్టు తెగకుండా ఎవరు ఎక్కువసేపు తినగలరని అన్నదమ్ములతో పందెం వేసేదట. తెగి పులుసంతా పారితే వాళ్ళమ్మ మొట్టికాయ వేసేదట. నమిత తెలుగులో చెబుతుంటే వింటూనే అంగాళమ్మ తినడం మొదలుపెట్టింది. మొదటి ముద్దలో ఏమీ తెలియలేదు. నాలుగో ముద్దకు వెన్న కమ్మదనం, ఆకులోని చిరుచేదు నాలుకకు ఎక్కాయి. పళ్ళెం ఖాళీ అయ్యాకే లేచింది.

రైతులు వచ్చిన రోజు పొద్దున్నే మంచు దట్టంగా పట్టింది. అందరికీ ముందు సోంపు పాలు ఇచ్చారు. అవి క్షణంలో అయిపోయాయి. పూలు చూసి వచ్చి భోజనాలకు కూర్చున్నాక మాత్రం, పళ్ళెంలోని తెల్లటి కుప్పను చూసి ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఊత్తంగరై నుంచి వచ్చిన వెంకటప్ప అనే పెద్దాయన ఊరగాయ తెమ్మన్నాడు.

అంగాళమ్మ కదల్లేదు. "కారం మీ ఇంట్లో రోజూ ఉండేదే కదప్పా. ఈ పొద్దు వాళ్ళ ఊరి రుచి చూడండి. నడుమ గుంత చెయ్యండి, పులుసు పోస్తాను. సంగటి తినేదానికి మీకి నేను నేర్పాలనా?"

ఒకరిని చూసి ఒకరు గుంతలు చేశారు. ఆమె గరిటెతో పోసుకుంటూ పోయింది. పదిమంది దాకా సగం వదిలేశారు. వెంకటప్ప మాత్రం కారం లేదని సణుగుతూనే రెండోసారి పెట్టించుకున్నాడు. మారెక్క కూలీల మధ్య కూర్చుని తింటూ, అంగాళమ్మ వైపు చూసి బొటనవేలు ఎత్తింది. అంగాళమ్మ సిగ్గుపడి పాల గిన్నె వైపు తిరిగింది.

మారెక్క ఊరికి వెళ్ళిపోయిన వారానికి ఒక సాయంత్రం అంగాళమ్మ హోసూరు మీదుగా బెంగళూరు పోయే బస్సులో ఇంటికి పోతుంటే ఫోన్ మోగింది. నమిత దగ్గర నంబరు తీసుకుని చేసింది వెంకటప్ప భార్య కలైవాణి. ఇంటాయన ఆ తెల్ల సంగటి వండమని రోజూ ప్రాణం తీస్తున్నాడట. వెన్న ఎంత, ఆకు ఎప్పుడు వెయ్యాలి, పులుసులో నీళ్ళెన్ని అని అడిగింది. అంగాళమ్మ మొదటి నుంచి మొదలుపెట్టింది. కట్టె ఎలా పట్టాలో చెప్పింది, గుంత ఎంత లోతు ఉండాలో చెప్పింది, సోంపు పాలు కూడా చెప్పింది. చెప్పడం ముగించి కిటికీలోంచి చూస్తే హోసూరు బస్టాండు ఎప్పుడో దాటిపోయింది. కర్ణాటక సరిహద్దులోని జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీల వరుస కనిపించింది. కండక్టరును బతిమాలి దిగి, తనలో తాను నవ్వుకుంటూ, రోడ్డు దాటి ఎదురు బస్సు కోసం నిలబడింది.