చుక్కలు పెట్టిన ‘నాను’

మా నాన్న భీమిలిలో ఇప్పటికీ వేటకు వెళతాడు. ఆయన చెప్పే సముద్రపు కబుర్లను ఫోన్లో రికార్డు చేసుకుని, వైజాగ్‌లో ఆఫీసు అయ్యాక కొంచెం కొంచెంగా రాసి చిన్న పుస్తకం చేశాను. ఆయన ఎలా మాట్లాడతాడో అలాగే రాశాను. కంచరపాలెంలో ఒక డీటీపీ సెంటర్లో కంపోజ్ చేయించి, ప్రూఫులు దిద్దమని మా తెలుగు మాస్టారికి ఇచ్చాను. భీమిలి బళ్లో నాకు పాఠాలు చెప్పిన ఆయన, రిటైరయ్యాక పద్మనాభంలో ఉంటున్నారు.

వారంలో తిరిగి ఇచ్చారు. పేజీలన్నీ ఎర్రబడి ఉన్నాయి. ‘నాను’ అన్న చోటల్లా కొట్టేసి ‘నేను’, ‘సేప’ కొట్టేసి ‘చేప’. కాగితాలు సంచిలో పెట్టుకుని భీమిలి వెళ్లాను. నాన్న అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. దిద్దింది దిద్దినట్టే రెండు పేజీలు చదివాను.

ఆయన చేతులు ఆగిపోయాయి. “ఎవుడమ్మా ఈడు?”

“నువ్వే నాన్నా.”

“నానిలాగ మాటాడతానేటి? బేంకు మేనేజరెవుడో సేపలట్టడానికి ఎల్లినట్టుంది.”

నవ్వాను గానీ, ఆ మాట నిజమనిపించింది. ఆదివారం ధైర్యం చేసి మాస్టారికి అదే చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“బళ్లో మీ నోట ‘నాను’ వినబడితే బెత్తం తీసేవాణ్ని. మా అమ్మ కూడా అలాగే అనేదమ్మా,” అన్నారు.

తర్వాత పెన్ను తీసి, తాను కొట్టేసిన మాట కింద వరసగా చుక్కలు పెట్టి, మార్జిన్లో ఇంగ్లిషులో ఏదో రాశారు.

“దీన్ని స్టెట్ అంటారు. లాటిన్ మాట. అది ఉండనీ అని అర్థం. నేను కొట్టేయడం పొరపాటు, మొదట ఉన్నదే ఉంచు అని కంపోజ్ చేసేవాళ్లకి చెప్పడం.”

మధ్యాహ్నం దాకా ఇద్దరం పక్కపక్కన కూర్చుని చుక్కలు పెట్టాం. ఒక్కచోట మాత్రం ఆయన పెన్ను ఎత్తేశారు. “ఇది యాస కాదు, నీ ఒత్తు తప్పు. దీనికి పెట్టను,” అన్నారు. బళ్లో ఉన్నట్టే తలవంచుకున్నాను.

తర్వాతి ప్రూఫు చూసి కడుపుబ్బ నవ్వాను. “నాను స్టెట్ తెల్లారగట్ల తెప్ప తీసేసరికి సేపలు స్టెట్...” కంపోజ్ చేసే అమ్మాయి పాపం బిక్కమొహం వేసింది.

“పక్కన రాసింది కూడా ఎక్కించమన్నారనుకున్నానక్కా. ఏటా మాట?”

అర్థం చెప్పాను.

“ఉండనీ అని తెలుగులో రాసేస్తే సరిపోను కదక్కా!” అంటూ స్టెట్‌లన్నీ ఒక్కసారిగా తీసేసింది.

పుస్తకం వచ్చాక ఒడ్డున నలుగురినీ కూర్చోబెట్టి నాన్న నాచేత చదివించాడు.

“నీ గొంతే ఇన్నట్టుంది బావా,” అన్నాడు ఆయన జట్టులోని ఒకాయన. నాన్న మీసాల్లో నవ్వుకున్నాడు. ఆ వెంటనే, నేను చదివిన కబురులో ఆ రోజు వీచింది ఏ గాలి అన్నదాని మీద ఇద్దరికీ వాదన మొదలైంది. నేను ఇసుకలో కాళ్లు చాపుకుని, టీ తాగుతూ హాయిగా వింటూ కూర్చున్నాను.