చేప ఎక్కే జాగా

మూడేళ్ల కిందటి ఎండాకాలం. తోంగ్‌పాల్ దగ్గర రోడ్డు దిగి అడవిలోకి పోతే వచ్చే మా ఊరి వాగు మీద సర్కారు పని. నేను మేట్‌ని, అంటే కూలీలకు హాజరు వేసి, తవ్విన మట్టి కొలిచేదాన్ని. చదివింది రెండో తరగతే గానీ, ఎవరు ఎక్కడ ఏ మాట అన్నారో మరిచిపోను.

అంతకు చాలా ముందు వాగును బాగుచేస్తామని మిషన్ తెచ్చి తిన్నగా తవ్వి, ఆ మట్టిని పక్కనే గట్టుగా పోశారు. అప్పటినుంచి వాన నీరు ఆగకుండా పారిపోయేది. పొంగినప్పుడు వాగు పరుచుకునే పల్లపు నేలను సార్లు ఫ్లడ్‌ప్లెయిన్ అంటారు. మా పల్లం బీటలు వారింది. ఇప్పుడు గట్టుకు గండ్లు కొట్టి నీళ్లను మళ్లీ అందులోకి పంపాలి.

ఇంజనీరు సారు నక్షా చూస్తూ గండి కొట్టే చోటుకు గుర్తుగా వంద అడుగులకొక సున్నపు గీత గీయించాడు. ఒక గీత మీదికి ముత్తమ్మ అత్త వచ్చి నిలబడింది. మొగుడు లేని మనిషి. ఆ గట్టు కిందున్న ఒక్క మడే ఆమె తిండి.

"ఏంది సార్, ఈడ చేప ఎన్నడన్న ఎక్కిందా? అగో, ఆ మద్దిచెట్టు కాడ ఎక్కుతది. మా అత్త బుట్ట పెట్టిన జాగ అది."

"నీ చేపలు నక్షాలో లేవమ్మా."

"నక్షానే కూర వండుకుంటవా మరి?"

కూలీలు నవ్వారు. నేను నవ్వలేదు. తొలి వానలకు చేపలు గుడ్లు పెట్టడానికి వాగులోంచి పల్లంలోకి ఎక్కుతాయి. అవి ఎక్కే చోట వెదురుబుట్ట పెడతాం. ఒక్కో ఇంటికి ఒక్కో జాగా, అత్త నుంచి కోడలికి. చేప ఎక్కే దారే నీటి పాత దారి. ఇదంతా నాకు తెలుసు. నోరు తెరిస్తే మేట్ పని పోతుందని హాజరు పుస్తకంలో తల దూర్చాను. ఆ గీత మీదే గండి కొట్టారు.

తొలి పెద్ద వానకు వాగు ఆ గండిలోంచి విరుచుకుపడింది. ముత్తమ్మ అత్త మడి నిండా మోకాలి లోతు ఇసుక. చల్లిన వరి మొలకలన్నీ దాని కిందే. సారు వచ్చి, ఇసుక మీద నిలబడి ఫొటో తీసుకున్నాడు.

"నీళ్లు పల్లంలోకి వచ్చాయి కదా, పని సక్సెస్."

నాకు ఒళ్లు మండింది. "ఆమె మొలకల మీద నిలబడ్డరు సార్. కాళ్లు తీయుండ్రి!"

"లేఔట్ పైనుంచి వచ్చింది. నన్నేం చేయమంటావు?"

"పైనుంచి వచ్చేది వానొక్కటే సార్. గీతలు మీరు గీసినయే."

ముత్తమ్మ అత్త నా వైపు తిరిగింది. "ఆయనకు తెల్వదు. నీకు తెలుసు గదనే పిల్లా. నువ్వెందుకు మూసుకున్నవ్ నోరు?"

నేను వంగి దోసిళ్లతో ఇసుక తీయడం మొదలుపెట్టాను.

మర్నాడు ఎవరినీ అడగలేదు. ఆడవాళ్లమంతా పోయి ఆ గండిని రాళ్లతో, బంకమట్టితో పూడ్చి, బుట్టలు పెట్టే మూడు చోట్ల గట్టు తెరిచాం. తర్వాతి వానకు నీరు మెల్లగా పల్లమంతా పరుచుకుంది. చేపలు ఎక్కాయి. కాగితాల్లో మాత్రం సారు గీతలే గెలిచాయి.

ఇప్పుడు ఏ వాగు పనైనా, బుట్ట పెట్టే ఆడవాళ్లు తమ తమ జాగాల్లో నిలబడేదాకా సున్నం సంచి విప్పనివ్వను. సార్లు కసిరితే నేనూ కసురుతాను. మేట్ పని పోతే పోనీ. నేను ఒక్క పూట నోరు మూసుకున్నందుకు వచ్చిన ఇసుక అది. మూడేళ్లుగా గంపలతో ఎత్తుతున్నాం, ముత్తమ్మ అత్త మడి ఇంకా సగమే బయటపడింది.