డైవర్సిటీ ఫ్యాక్టరూ, పెద్దాయన హస్తవాసీ

ఆయుధపూజ అయి వారం దాటింది. మా ఇంట్లో ఇప్పటికీ నన్ను స్విచ్చు ముట్టుకోనివ్వడం లేదు. మిక్సీ వేయబోతే చాలు, మా ఆవిడ పరుగున వచ్చి "మీరుండండి, నేను వేస్తాను" అంటోంది. ఆవిడకిది సరదా. నాకు మాత్రం ఆ రోజు తలుచుకుంటే ముద్ద దిగడం లేదు. ఏం జరిగిందో చెప్తాను, టీ చల్లారేలోపు అయిపోతుంది.

నా పని మీకు తెలుసుగా. గుంటూరు నుంచి వచ్చి, మత్తిగిరిలో ఇల్లు తీసుకుని, హోసూరు చుట్టుపక్కల ఫ్యాక్టరీలకి ఎంత కరెంటు కావాలో లెక్కలు వేసి ఇస్తుంటాను. మిషన్లన్నిటి కెపాసిటీ కూడేస్తే లెక్క అయిపోదు. మీ ఇంట్లో గీజరు, మిక్సీ, ఇస్త్రీపెట్టె, నీళ్ల మోటారు అన్నీ ఒక్కసారే వేస్తారా? వేయరు. ఫ్యాక్టరీలోనూ అంతే, ఒకటి నడుస్తుంటే ఇంకొకటి ఖాళీగా ఉంటుంది. ఆ సంగతి లెక్కలోకి తీసుకుంటే చిన్న ట్రాన్స్‌ఫార్మరుతోనే పనైపోతుంది. దాన్నే మేం డైవర్సిటీ అంటాం. ఆ మాట అన్నప్పుడల్లా నా గొంతు గంభీరంగా మారిపోతుందని మా ఆవిడ ఫిర్యాదు.

మునిరాజు అని ఒకతను ఉన్నాడు. జవళగిరి దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం వాళ్లది. ఇతను మాత్రం ఫ్యాక్టరీల్లో పని నేర్చుకుని సొంతంగా షెడ్డు పెట్టాడు. ఇనుప రేకుల్ని నొక్కి బండ్లకి విడిభాగాలు చేసే పెద్ద ప్రెస్సు, దాని పక్కన చిన్న ప్రెస్సులు, కటింగ్ మిషను, కంప్రెసరు. "అన్నీ ఒకేసారి నడుస్తాయా?" అని అడిగాను.

"యాడ సార్, మనుసులుంటే కదా. ఉండేది నలుగురు" అన్నాడు.

నేను ఆ నలుగుర్నీ పట్టుకుని లెక్క కట్టేశాను. "పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకండీ, దండగ" అని సలహా కూడా పడేశాను. ట్రయల్‌లో ఒక్కో మిషనూ వేసి చూశాం. చక్కగా తిరిగాయి.

షెడ్డు ప్రారంభం ఆయుధపూజ నాడు పెట్టుకున్నారు. నేను వెళ్లేసరికి మిషన్లకి విభూతి పట్టెలు, బంతిపూల దండలు. జవళగిరి నుంచి వ్యాను నిండా చుట్టాలు దిగారు. వాళ్ల మధ్య తెల్ల పంచె, భుజాన కొత్త టవలుతో మునిరాజు నాన్న వెంకటప్ప గారు. మునిరాజు నన్ను పక్కకి తీసుకెళ్లి చెప్పాడు.

"మా నాయనది మంచి హస్తవాసి సార్. ఊర్లో ఎవురు బోరు వేసినా మొదట మోటారు ఆన్ చేసేది ఈయనే. నేను సేద్యం ఇడిసిపెట్టినానని ఇన్ని దినాలు ఈ పక్కకే రాలేదు. ఈ పొద్దు వచ్చినాడు. పెద్ద ప్రెస్సు ఆయన చేత్తోనే ఆన్ కావల."

రాహుకాలం దగ్గర పడుతోంది, ఆలోపే మిషన్లన్నీ తిరగాలని పూజారి తొందర. మునిరాజు భార్య రత్నమ్మ చురుకైన మనిషి. ఒక్కో మిషను దగ్గర ఒక్కో చుట్టాన్ని నిలబెట్టేసింది. నలుగురే మనుషులున్న నా లెక్కలోకి చిన్నాన్నలూ మేనత్తలూ బావలూ వచ్చి చేరారు. ప్రతి బటను మీదా ఒక వేలు.

"ఇంజినీరు మీరే కదా సార్, మీరు చెయ్యెత్తండి. అందరమూ ఒకేసారి నొక్కుతాము" అంది.

ఇక్కడ నా బుర్ర పనిచేయాలి కదా. అప్పటికే నాకు శాలువా కప్పేశారు. శాలువా పడ్డాక బుర్ర ఎక్కడ పనిచేస్తుంది? మోటారు మొదలయ్యే ఆ క్షణంలో మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుందని ఊరందరికీ క్లాసు పీకేది నేనే. ఇవన్నీ కలిసి ఒక్కసారే మొదలవ్వడం జరగదని రాసిచ్చింది నేనే. ఇప్పుడు చెయ్యెత్తి "ఊఁ, కానివ్వండి" అన్నదీ నేనే.

మిషన్లన్నీ కలిసి ఒక్క మూలుగు మూలిగాయి. మెయిన్ బ్రేకరు టప్పుమని పడిపోయింది. లైట్లు, ఫ్యాన్లు, మైకులో పాట, అన్నీ ఆగిపోయాయి.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. తప్పు ఎక్కడుందో నాకు వెంటనే తెలిసిపోయింది. కానీ శాలువాతో నిలబడి అంతమందిలో ఎలా చెప్పను? "కొత్త బ్రేకరు కదా, కాస్త సున్నితం" అన్నాను. బ్రేకరుని మళ్లీ పైకి ఎత్తించి, ఈసారి నిలబడుతుందేమోనని మళ్లీ చెయ్యెత్తాను. మళ్లీ టప్పు.

ఈసారి ఎవరూ నావైపు చూడలేదు. అందరి కళ్లూ పెద్ద ప్రెస్సు మీదే. "రెండుసార్లు ఆగిపాయ" అని ఒక మేనత్త గొణిగింది. వెంకటప్ప గారు బటను మీది నుంచి చెయ్యి తీసి టవలుతో తుడుచుకున్నారు.

"నా చెయ్యి చెడిపోయినాది మునీ. నేను రాకుండా ఉండాల్సింది" అని మెల్లగా బయటికి వెళ్లిపోయారు.

రాహుకాలం వచ్చేసింది. అది దాటేదాకా ఆగాలని జనం బొరుగులు, శనగలు నములుతూ కూర్చున్నారు. పెద్దాయన షెడ్డు వెనక సిమెంటు పైపు మీద ఒక్కరే కూర్చుని అరచేయి చూసుకుంటున్నారు. కొడుకు మీద కోపం ఎలాగో దించుకుని వచ్చిన మనిషి, నా మూలాన తన చేతినే అనుమానించుకుంటున్నాడు. నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"పెద్దాయనా, తప్పు మీ చేతిది కాదు. నా లెక్కది" అని డైవర్సిటీ గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన మర్యాదగా విన్నారు. నా గొంతు గంభీరంగా మారేకొద్దీ ఆయన మొహం ఇంకా దిగులుగా అయిపోయింది. ఓదార్చడానికి ఏవో అబద్ధాలు చెప్తున్నానని అనుకున్నట్టున్నారు.

చివరికి నాకే విసుగొచ్చింది. "మీ చెయ్యి బంగారంలా ఉంది. రెండుసార్లూ చెయ్యెత్తింది ఎవరు? నేను కదా. నా హస్తవాసే మంచిది కాదు" అనేశాను.

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. మొహంలోకి కళ వచ్చింది.

"అట్ల చెప్పు. ఏమీ అనుకోవద్దప్పా, నువ్వు పోయి గేటు బయట నిలబడు. నేను ఆన్ చేస్తాను."

మునిరాజుని పిలిచి జరిగింది చెప్పాను. ముందు పెద్ద ప్రెస్సు ఒక్కటే వేయాలి, అది బాగా తిరిగాక మిగతావి ఒకదాని తర్వాత ఒకటి అని మరీ మరీ చెప్పాను. తర్వాత శాలువా మడిచి చంకలో పెట్టుకుని గేటు బయటికి వెళ్లాను. రాహుకాలం దాటింది. లోపల పెద్ద ప్రెస్సు తిరుగుతున్న చప్పుడు, దాని వెనక ఇంకోటి, ఇంకోటి. లైట్లు ఆరలేదు. "చూస్తిరా, మా మామ చెయ్యి!" అని రత్నమ్మ అరుపు గేటుదాకా వినిపించింది. ఒకదాని తర్వాత ఒకటి వేయడం వల్ల నడిచాయన్నది ఎవరికీ పట్టలేదు. నేను బయట ఉండడం వల్ల నడిచాయని మాత్రం అందరూ తేల్చేశారు. వాదించే మొహం నాకెక్కడుంది?

నిన్న మునిరాజు ఫోన్ చేశాడు. "ఇంకో ప్రెస్సు వచ్చింది సార్. మీరు చెప్పినట్లే వైరింగ్ అంతా చేసినాము. రేపు పొద్దున మీరు యాడ ఉంటారు?"

పిలుస్తున్నాడనుకుని పొంగిపోయాను. "మత్తిగిరిలోనే. అరగంటలో వచ్చేస్తాను" అన్నాను.

"అయ్యో, వద్దు సార్. యాడ ఉంటారో నాయన కనుక్కోమన్నాడు, అంతే."

సరేలెమ్మని నేనే చెప్పాను, కావేరిపట్టణంలో ఒక మిల్లు చూడాల్సి ఉంది, పొద్దున్నే అక్కడికి వెళ్లిపోతానని.

"అంత దూరమా? శానా మంచిది సార్" అన్నాడు మునిరాజు.

పక్కనుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "ఆడ కూడా స్విచ్చు ముట్టొద్దని చెప్పప్పా."