జేబెజ్ ట్రెగియర్ చేతిలోని నల్ల ముద్ద

జేబెజ్ ట్రెగియర్ కార్న్‌వాల్ తగరపు గనుల మనిషి. గని చీకటి గిట్టక సముద్రం దాటాడు. బంగారం దొరికే మా ఊరు టర్నిప్ క్రీక్‌లో, ఆ బంగారం కోసం పొద్దున ఒక నూతిలో దిగి, మధ్యాహ్నానికి పైకొచ్చి, ఇంక దిగనన్నాడు. ఆ తరవాత బతుకంతా ఫొటో దుకాణం వెనక, బీరువా అంత చీకటి గదిలో గడిపాడు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, గని చీకటికి తలుపు లేదు, దీనికి ఉంది అనేవాడు.

ఆ దుకాణం మా జీనుల అంగడికి ఎదురు. గోడలు గోనెగుడ్డ, పైకప్పు సగం గాజు. బోర్డు మీద ట్రెగియర్ అండ్ డెవెనీ అని ఉండేది. కార్మక్ డెవెనీ ఐర్లండ్ నుంచి వచ్చినవాడు. కెమెరా అతనిది, పేకాటలో గెలిచాడు. దానితో ఏం చెయ్యాలో తెలియదు. జేబెజ్‌కు తెలుసు. ఓడలో జబ్బుపడిన ఒక ఫొటోగ్రాఫరుకు గంజి తాగించి, ఆ పని నేర్చుకున్నాడు. అయితే జేబెజ్‌కు మనుషులతో మాట్లాడటం రాదు. డెవెనీకి మరొకటి రాదు. పొత్తు కుదిరింది.

డెవెనీ వచ్చినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, తల కదలకుండా వెనక ఇనప పట్టు బిగించేవాడు. దుకాణం కోటు తొడిగేవాడు. ఎవరికైనా సరిపోవాలని ఆ కోటుకు వీపు కోసేశారు. ఆఖరున చేతిలో ఒక రాయి పెట్టేవాడు.

ఆ రోజుల్లో గాజు పలకకు పూసే మందు రంగుల్ని తన ఇష్టం వచ్చినట్టు చూసేది. నీలం దానికి తెలుపు, పసుపు దానికి నలుపు. నీలికళ్ళవాడు గుడ్డివాడిలా వచ్చేవాడు. బంగారం బొగ్గులా వచ్చేది. బంగారం మీద బతికే ఊళ్ళో అది పెద్ద చిక్కు. డెవెనీ ఒక వాగు రాయికి సున్నంలో నీలిమందు కలిపి పూశాడు. ఫొటోలో అది ధగధగలాడింది. దానికి ఒక పక్క నొక్కు ఉండేది. బంగారం దొరికినవాడు, దొరకనివాడు, నిన్న ఓడ దిగినవాడు, అందరూ ఆ రాయినే పట్టుకుని ఇంటికి ఫొటో పంపేవాళ్ళు.

జేబెజ్ ఆదివారాలు చాపెల్లో వాక్యం చెప్పేవాడు. రాయి అబద్ధమని అతనికి తెలుసు. అందుకని డెవెనీ దాని వైపు చెయ్యి చాపగానే గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. పలక కడిగేటప్పుడైనా కనపడదా అని ఒకసారి అడిగాను. పలక మీద నలుపు తెలుపూ తిరగబడి ఉంటాయి, ఎవరి పాపం ఏదో పోల్చుకోలేం అన్నాడు.

అతని భార్య టామ్‌సిన్ కార్న్‌వాల్లోనే ఉండిపోయింది. పెళ్ళయిన ఏడాదికే అతను ఓడెక్కాడు. ఏటా రమ్మని రాసి ఓడ ఖర్చులు పంపేవాడు. ఆమె ఏటా తిప్పి పంపేది. అది అప్పు చేసిన డబ్బేనట, దానితో తాను ఓడెక్కదట. రాతలు ఎవడైనా రాస్తాడట, బొమ్మ మాత్రం అబద్ధమాడదని వాళ్ళ పాస్టరు చెప్పాడట. నీకంటూ ఒకటి ఉందని బొమ్మలో చూశాక వస్తాను అంది. జేబెజ్ అది చదివి వినిపించాడు. డెవెనీ లేచి కోటు తెచ్చాడు. జేబెజ్ తల అడ్డంగా ఊపాడు. అలా ఏళ్ళు గడిచాయి.

ఒక వేసవిలో, వాడేసిన మందునీళ్ళు పారబోయడానికి జేబెజ్ దుకాణం వెనక గొయ్యి తవ్వాడు. మోకాలి లోతు. అంతకన్నా లోతు అతను తవ్వడు. అక్కడ పిడికిలంత బంగారం తగిలింది. మరునాటికి ఊరు ఊరంతా అక్కడ పారలతో దిగి, కంపు నీళ్ళు తప్ప మరేమీ దొరక్క, అతన్ని తిట్టి వెళ్ళిపోయింది.

జేబెజ్ ముద్దను కడిగాడు. పలకకు మందు పూసుకుని వచ్చి, మొదటిసారి తానే కుర్చీలో కూర్చున్నాడు.

"బొగ్గులా వస్తుంది, పాస్టరూ," అన్నాడు డెవెనీ.

"తెలుసు."

"మీ ఆవిడ చూసి ఏమనుకోవాలి?"

"బంగారం అనుకోవాలి. బంగారమే గనక."

"ఈ రాయి పట్టుకో. నీ దగ్గర నిజంగా ఉంది కదా. ఉన్నది ఉన్నట్టు కనపడటానికే ఇది."

"జేబులో నిజం పెట్టుకుని చేతిలో అబద్ధం పట్టుకోమంటావా?"

"ఊళ్ళోవాళ్ళు ఉత్త జేబుతోనే పట్టుకున్నారు. ఆ రాయి పట్టుకునే హక్కున్నవాడివి నువ్వొక్కడివేనయ్యా."

జేబెజ్ తల తీసుకెళ్ళి ఇనప పట్టులో పెట్టుకున్నాడు. పలక ఆరేలోగా పని కావాలి. డెవెనీ కెమెరా మూత తీసి, ఆమె రాకపోతే తన తప్పు లేదని ముందే చెప్పి, మూత పెట్టాడు. జేబెజ్ పలక పట్టుకుని గదిలోకి పరిగెత్తాడు.

ఫొటో నేను చూశాను. బక్కపలచటి మనిషి. మందు మరకలతో చేతులు నల్లవి. వాటి మధ్య నల్ల ముద్ద. చెయ్యి ఎక్కడ అయిపోయిందో, ముద్ద ఎక్కడ మొదలైందో తెలియదు. వెనక ఇది బంగారం అని రాశాడు. రాతలు ఆమె నమ్మదని గుర్తొచ్చి కొట్టేశాడు. కొట్టేసినది ఇంకా అనుమానంగా కనిపించింది. అలాగే పంపాడు.

ముద్ద అమ్మమని డెవెనీ పోరు పెట్టాడు. ఆమె కళ్ళారా చూసేదాకా అమ్మనన్నాడు జేబెజ్. చీకటి గది తలుపు వెనక వేలాడే తెరకు అడుగున బరువుగా దాన్ని కట్టాడు. ఓడ వెళ్ళడానికి ఒక కాలం, రావడానికి ఒక కాలం. ఆ లెక్కన రావలసిన జవాబు రాలేదు. జేబెజ్ చాపెల్లో వరసగా, కష్టాల్లో దేవుడి జవాబు కోసం మొత్తుకున్న యోబు మీదే వాక్యం చెప్పాడు. డెవెనీ క్యాథలిక్, చాపెల్ గడప తొక్కడు. కిటికీ బయట నిలబడి విని, యోబుకు కూడా చివర్లో జవాబొచ్చింది కదా, వీడు అక్కడిదాకా ఎందుకు రాడు అని నన్ను అడిగాడు.

ఒకరోజు గుర్రబ్బండి మా అంగడి ముందు ఆగింది. ఒక ఆడమనిషి దిగింది. శాలువలో చుట్టిన ఇనప పెనం పసిపిల్లలా చంకలో ఉంది. బోర్డు చదివి లోపలికి నడిచింది. నాకు అక్కడ పని లేదు, అయినా వెళ్ళాను.

జేబెజ్ గదిలోంచి వచ్చి నిలబడిపోయాడు. ఆమె అతని చేతులు చూసింది.

"చూపించు," అంది.

అతను తెర అడుగు నుంచి ముద్ద విప్పి ఇచ్చాడు. ఆమె గాజు పైకప్పు కిందికి వెళ్ళి అటూ ఇటూ తిప్పింది.

"పచ్చగా ఉందే."

"బంగారం కదా."

"నేను పేస్టీ అనుకున్నాను."

మాంసమూ దుంపలూ కూరి కాల్చే ఆ పేస్టీ లేకుండా కార్న్‌వాల్ మనిషి పనికి పోడు.

"మాడిపోయిన పేస్టీ," అంది ఆమె. "అది పట్టుకుని బొమ్మ దిగి, నాకున్నది ఇదే అని పంపాడే ఈ మనిషి అనుకున్నాను. మా నాన్న బొగ్గన్నాడు. బొగ్గును ఎవడైనా అంత ప్రేమగా పట్టుకుంటాడా? తిండి లేక చస్తున్నావని పెనం తెచ్చాను."

డెవెనీ గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత తన రాయి తెచ్చి, ఇది పట్టుకోమంటే వినలేదమ్మా, వింటే మొదటి ఓడకే వచ్చేదానివి అన్నాడు.

ఆమె రాయి తీసుకుని నొక్కు మీద బొటనవేలు పెట్టింది.

"ఇది మా వీధిలో ఇంటింటి గూట్లోనూ ఉంది. ఈ నొక్కుతో సహా. అందరి మొగుళ్ళకూ ఒకటే బంగారం. ఇతనూ ఇదే పంపుంటే ఓడ మొహం చూసేదాన్ని కాదు."

డెవెనీ రాయి తీసుకుని బయటికి వెళ్ళాడు.

ముద్ద అమ్మి పొయ్యి కట్టించారు. గోనెగుడ్డ తీసి చెక్క గోడలు పెట్టారు. రాయి వీధి తలుపుకు అడ్డం పెట్టడానికి పనికొచ్చింది. కొత్త పొయ్యిలో కాల్చిన మొదటి పేస్టీ టామ్‌సిన్ పళ్ళెంలో తెచ్చింది. అంచు మడత చెదరలేదు, పైన బంగారు రంగు. డెవెనీ ముగ్గురం కలిసి దాంతో ఫొటో దిగుదామన్నాడు. మూత తియ్యడానికి నన్ను పెట్టారు.

"నల్లగా వస్తుంది," అన్నాడు జేబెజ్.

"నా చేతి పేస్టీ మాడదు," అంది ఆమె.

జేబెజ్ పలకకు మందు పూసుకురావడానికి వెళ్ళాడు.

నల్లగానే వచ్చింది. ఆమె పలకను పగలగొట్టమంది. అప్పటికే డెవెనీ ఒక కాగితం మీద అచ్చు తీసి టామ్‌సిన్ నాన్నకు పంపేశాడు. అది చేరాక అక్కడ బయల్దేరిన ఓడలో వచ్చిన కార్న్‌వాల్ కుర్రాడు, అడగకుండానే, మొగుడి మాడు తిండి బాగుచెయ్యబోయి టామ్‌సిన్ కూడా మాడ్చడం నేర్చుకుందని అక్కడ ఊరంతా అంటున్నారని చెప్పాడు.

ఆ ఫొటో ఇంకో అచ్చు కెమెరా వెనక గోడకు వేలాడేది. కుర్చీలో కూర్చున్నవాడికి అది చూడక తప్పదు. ఆమె ప్రతివాడికీ అది మాడలేదని చెప్పేది. చీకటి గదిలోంచి జేబెజ్, చాపెల్లో వాక్యం చెప్పే గొంతుతో, మాడలేదు అనేవాడు. తల ఇనప పట్టులో ఉన్నవాడు ఔనని ఊపడానికి కూడా వీలుండేది కాదు.