దొరకు దారి ఇచ్చిన సోమడు

తోలు బంతికి ఆముదం పట్టిస్తున్న వాసన ఈ ఉదయం నన్ను చిన్ననాటి సాలూరు మిషన్ బడి మైదానానికి లాక్కుపోయింది. మిత్రులారా, బడి ఫుట్‌బాల్ జట్టుకు జరిగిన ఆ ఎంపిక మీకూ గుర్తుండే ఉంటుంది. జట్టులో మిగిలింది ఒకే చోటు. దక్కినవాడికి బడిలో అన్నం, పడక. దక్కనివాడికి కొండరోడ్డు మీద వెట్టిచాకిరి.

తెల్లదొర మా పిక్కలు పిసికి చూశాడు, పరుగెత్తించి ఊపిరి విన్నాడు. రెంటిలోనూ నాతో వచ్చిన సోమడే మేటి. చివరికి దొర బంతి తన్నుకుంటూ మూడుసార్లు వాడికి ఎదురొచ్చాడు. దొర ఎదురైతే తొలగి చేతులు కట్టుకోవాలని మనకు నేర్పారు కదా! సోమడు మూడుసార్లూ అలాగే తొలగాడు.

"పిరికి గుంటడంట, పనికిరాడంట. బేగి ఎల్లు!" అని దొర మాట మాకు చెప్పాడు బడి మేస్టారు.

"ఏటి తప్పు సేసేన్రా?" అని సోమడు నన్ను అడిగాడు.

నాకు తెలుసు. తెలీదన్నాను. వాడు చూస్తుండగానే వెళ్లి, దొర కాళ్ల దగ్గరి బంతిని లాగేసుకున్నాను.